ఆకృతియు శీలమును: మృచ్ఛకటికమున నధికరణికుని మాటపై విమర్శ

ఆకృతి యెట్టిదో గుణము నట్టిదే యని చెప్పు సంస్కృతసూక్తి మన పాఠశాలలలో సిద్ధాంతవాక్యమువలెఁ జెల్లుచున్నది. దానికిఁ దోడుగా వ్యాఖ్యాతలు తఱచుగా మూఁడు స్థలములను జూపుదురు. మృచ్ఛకటికమున తొమ్మిదవ యంకమందు న్యాయాధిపతి చారుదత్తుని ముఖముఁ జూచి పలికిన మాట యొకటి. శాకుంతలమున నాల్గవ యంకారంభమునఁ బ్రియంవద యనసూయ నూఱడించుచుఁ బలికిన మాట రెండవది. కుమారసంభవమున నైదవ సర్గమున బ్రహ్మచారి పార్వతితో ననిన మాట మూఁడవది. మూఁటి తాత్పర్య మొక్కటియే: మంచి రూపము చెడునడతకుఁ దావు కాదు. ఇద్దఱు మహాకవులు మూఁడుచోట్ల నేకవాక్యముగాఁ జెప్పినది మన పూర్వుల మతమే యనియు, ముఖముఁ జూచి మనుష్యుని స్వభావమును దెలిసికొనవచ్చు ననియు నిర్ణయించుట యాచారమైనది. నేనును బెక్కేండ్లు విద్యార్థుల కిట్లే చెప్పితిని. ఆ స్థలములను విడిశ్లోకములుగాఁ గాక ముందువెనుకల కథతోఁ గలిపి మరలఁ జదువఁగా నా యభిప్రాయము మాఱినది. కవు లా మాటను దాము చెప్పలేదు, పాత్రలచేఁ జెప్పించిరి, చెప్పించి దానిని బరీక్షకుఁ బెట్టిరి.

మొదటఁ గుమారసంభవమును జూతము. తపస్సు చేయు పార్వతికడకు వచ్చిన యా బ్రహ్మచారి యెవఁడు? మాఱువేషమున నున్న శివుఁడు. రూప మబద్ధమాడదని చెప్పుచున్నవాని రూపమే యబద్ధము. కాళిదాసుఁ డీ సంగతి మఱచి యా మాట వ్రాసెనని తలఁచువాఁడు కాళిదాసు నెఱుఁగఁడు. అది పార్వతిని బ్రశంసించి యామె మనస్సు బయటఁ బెట్టించుటకుఁ బన్నిన యుపాయము. తరువాతఁ జేయఁబోవు శివనిందకుఁ బీఠిక. ప్రియంవద మాటయు సిద్ధాంతము గాదు, ఊఱట. దుష్యంతుఁడు నగరమునకుఁ బోయి తమ చెలిని మఱచునేమో యని యనసూయ సందేహింపఁగా, అట్టి యాకృతివిశేషములు గుణమునకు విరోధులు గావని యామె ధైర్యము చెప్పినది. పూలు కోయుట ముగియకమునుపే దుర్వాసుని శాపము వినఁబడినది. రాజు మఱచినాఁడు. శాపముచే మఱచెను గాని దుర్గుణముచేఁ గాదని సమాధానము చెప్పవచ్చును, అది నిజమే. అయినను ముఖముఁ జూచి చేసిన యూహ, ముందేమి జరుగునో చెప్పలేకపోయినది. ఆశ్రమమున నా చెలికత్తెలకుఁ దెలియవలసినది యదియే కదా.

మృచ్ఛకటికపు ఘట్టము వీనికంటె గంభీరమైనది. అచట నొకని ప్రాణము తీర్పునకు లోఁబడియున్నది. కథ చదువరు లెఱిఁగినదే. రాజశ్యాలుఁడగు శకారుఁడు పుష్పకరండకోద్యానమున వసంతసేన గొంతు నులిమి, చనిపోయెనని తలఁచి, యా నేరమును జారుదత్తునిపై మోపుటకు న్యాయస్థానమునకు వచ్చును. అధికరణికుఁడును శ్రేష్ఠియుఁ గాయస్థుఁడును గూర్చుండియున్నారు. నేఁటికి నీ వ్యవహారము చూడమని వారు చెప్పఁగా, రాజుతోఁ జెప్పి యధికరణికుని దొలఁగింపించెదనని వాఁడు బెదరించును. వ్యవహారము విచారణకు వచ్చును. ఇఁక నిచట నొక విషయమును జాగ్రత్తగా గమనింపవలెను. ఫిర్యాదు చెప్పుచు శకారుఁడు, ధనమునకై యెవఁడో యామెను జంపెననియు, చంపినవాఁడు తాను గాదనియు నోరు జాఱి, చటుక్కున నోరు మూసికొనును. తాను గాదని చెప్పవలసిన యవసరము నెవరును గల్పింపలేదు. అధికరణికుఁ డా మాటను బట్టుకొని, మొట్టమొదట దానినే వ్రాయుమని కాయస్థున కాజ్ఞ యిచ్చును. కాయస్థుఁడు వ్రాయును. శకారుఁడు తన తెలివితక్కువకుఁ దన్ను దాను నిందించుకొని, తాను జూచితినని మాత్రమే యనుచున్నానని సవరించి, వ్రాసినదానిని గాలితోఁ దుడిచివేయును.

నేరమునకు సంబంధించిన నిజమైన సూచన న్యాయస్థానముననే పుట్టినది, వ్రాఁత కెక్కినది, నేరస్థుని పాదముతోఁ జెరిగిపోయినది. దీనిని మఱల నెవరును దలపెట్టలేదు. తరువాతఁ జారుదత్తుఁడు ప్రవేశింపఁగా నధికరణికుఁ డతని ముక్కు యున్నతిని, కన్నుల వెడల్పును జూచి, ఇట్టి ముఖము నిష్కారణదోషములకుఁ బాత్రము గాదనియు, ఏనుఁగులయందు, ఆవులయందు, గుఱ్ఱములయందు వలెనే మనుష్యులయందును ఆకృతి నడతను విడువదనియుఁ బలుకును. ఆ జంతువుల వరుసను జూడుఁడు. అవి మనుష్యులు బేరమాడి కొని, పనికిఁ బెట్టుకొను జంతువులు. మన రైతులు సంతలో నెద్దును గొనునపుడు సుడులు చూతురు, పండ్లు చూతురు, గిట్టలు చూతురు. ఎద్దునకుఁ గావలసిన యోగ్యత శరీరముననే యుండును గనుక నా చూచుట కొంత సార్థకము. ధనమునకై హత్య చేసెనా లేదా యనుట సుడులవలనఁ దెలియునది గాదు.

ముఖమును నమ్మిన యధికరణికుఁడు చివర కేమి చేసెను? వసంతసేన చారుదత్తునింటికిఁ బోయెనని యామె తల్లి చెప్పినది. ఆమెను గొనిపోవుబండి యుద్యానమునకుఁ బోవుట వీరకునివలనఁ దెలిసినది. ఉద్యానమున స్త్రీశరీరపు జాడలు గానవచ్చినవి. శకారునితోఁ గలియఁబడిన మైత్రేయుని చంకనుండి వసంతసేన నగలు సభామధ్యమున రాలినవి. ఇన్ని గలిసినపుడు ముక్కు నిలువలేదు. చారుదత్తుఁడు దోషి యనియు, బ్రాహ్మణుఁడు గావున వధార్హుఁడు గాఁడనియు రాజునకు విన్నవింపఁబడినది. పాలకుఁడు కొఱఁత విధించెను.

ఇచట నొక పూర్వపక్షము గలదు. చారుదత్తుఁడు నిజముగా నిర్దోషియే కదా, ముఖము సత్యమే పలికినది కదా, సాక్ష్యములే యబద్ధమాడినవి. కావున శూద్రకుఁ డాకృతివాదమునే స్థాపించెనని చెప్పవచ్చును. ఈ వాదమును దేలికగాఁ ద్రోసివేయఁగూడదు. కాని కావ్యమున రూపమునకును శీలమునకును గర్త యొక్కఁడే. చారుదత్తునకు నున్నతనాసిక నిచ్చిన చేయియే దానగుణము నిచ్చినది. నాటకములో ముఖము సత్యము పలికెననుట కవి తన పాత్రను దాను సరిగాఁ దీర్చెననుటయే. లోకమున ముక్కును దీర్చువాఁ డొకఁడు, నడతను దీర్చుకొనువాఁడు వేఱొకఁడు. వసంతసేన బ్రదికియున్నదని ప్రేక్షకున కెనిమిదవ యంకముననే తెలియును, అధికరణికునకుఁ దెలియదు. తెలిసినవానికి ముఖము నిజము చెప్పినట్లుండును. తెలియనివానికి నది సాక్ష్యము గాఁజాలదని యా యధికరణికుని నిస్సహాయతయే చూపుచున్నది.

విరాటపర్వ మిందుకు మిక్కిలి యుపకరించును. తిక్కన తెలుఁగునఁ జదివినవారు జ్ఞప్తికిఁ దెచ్చుకొనవచ్చును. మాఱువేషములతో వచ్చిన పాండవుల నొక్కొక్కరినే చూచి విరాటుఁడు, ఈ యాకారము రాజ్యమున కర్హమనియు, ఈతఁడు వంటవాఁడుగాఁ గానరాఁడనియు శంకించును. సుధేష్ణ ద్రౌపది యంగలక్షణములు వర్ణించి, నీవు పరిచారికవు గావనును. ప్రతి యూహయు సరియైనదే. ఫలమేమి? భీముఁడు వంటయింటికిఁ బోయెను, ద్రౌపది సైరంధ్రి యయ్యెను. రహస్యము తెలిసిన చదువరికి నా యూహ లానందము గూర్చును. విరాటునిచేత నవి యొక్క పనినైనఁ జేయింపలేదు. నన్నయ యారణ్యపర్వమునఁ దెనిఁగించిన నలోపాఖ్యాన మింకను ముందునకుఁ బోవును. కర్కోటకుని కాటుచే వికృతరూపుఁడైన నలుని దమయంతి ముఖమువలన గుర్తింపలేదు. కేశిని నంపి వాని పనులు చూచి రమ్మన్నది. చూపు పడఁగనే కుండలు నీటితో నిండుటయు, గడ్డిపిడికిట నగ్ని పుట్టుటయు, నలిపిన పూలు వాడకుండుటయు విని, వాఁడు వండిన మాంసమును దెప్పించి రుచి చూచినది. బిడ్డలను బంపి వాఁడు కన్నీరు పెట్టుట తెలిసికొన్నది. రూపము పూర్తిగాఁ జెడినచోటను మనుష్యుఁడు పనిలోఁ బట్టువడినాఁడు.

రూపము పూర్తిగా నుండి శీలము లేనిచోటును మన కవులు విడువలేదు. సుందరకాండమున రావణసభకుఁ గొనిపోఁబడిన హనుమంతుఁడు ఆ రాక్షసరాజును జూచి యాశ్చర్యపడి, సర్వలక్షణసంపన్నుఁడని మెచ్చును. అధర్మ మడ్డు పడకున్న దేవలోకమునకైన రక్షకుఁడు గాఁదగినవాఁ డనును. వాల్మీకి లక్షణములను గాదనలేదు. వాని సాక్ష్యమును దీసికొని తీర్పును ద్రోసివేసెను. ఆ హనుమంతుఁడే భిక్షురూపమున మొదట నెదురు వచ్చినపుడు, రాముఁడు మెచ్చినది వాక్కును. ఆ మాటాడుతీరుఁ జూచి వేదవ్యాకరణములు నేర్చినవాఁడని తెలిసికొని, పలుకునపుడు నొసటఁ గాని కనుబొమలఁ గాని దోషము పొడకట్టలేదని లక్ష్మణునితోఁ జెప్పెను. ముఖ మక్కడ వాక్కునకుఁ బరిచారకము.

మఱి శాస్త్రములు వేఱుగాఁ జెప్పలేదా యని యడుగవచ్చును. వరాహమిహిరుఁడు బృహత్సంహితలో హంస, శశ, రుచక, భద్ర, మాలవ్యులను నైదుగురు మహాపురుషులను వేఱుపఱచి, యొక్కొక్కరి నొక్కొక్క గ్రహమునకుఁ జేర్చి, హంసునకు 96 అంగుళములు మొదలుకొని మూఁడేసి యంగుళములు పెంచుచు మాలవ్యునకు 108 అంగుళములు కొలఁత యిచ్చెను. ఇది యచ్చముగా శరీరమును బట్టి మనుష్యులను దెగలు చేయుట. దీని ప్రక్కఁ జరకసంహిత శారీరస్థానమునందలి విభాగమును బెట్టి చూడవలెను. అచట సాత్త్వికులు 7, రాజసులు 6, తామసులు 3, మొత్తము 16 తెగలు. బ్రాహ్మ, ఆర్ష, ఐంద్రములు మొదలు మాత్స్య, వానస్పత్యముల వఱకు లక్షణములు నడవడిచేతఁ జెప్పఁబడినవి: పంచిపెట్టువాఁడా, కోపిష్ఠియా, పిఱికియా, తిండిపోతా యని. ముక్కు పొడవు చెప్పలేదు. ఇరువదవ శతాబ్దిలో నమెరికా దేశపు తల్లికూఁతుండ్రు బ్రిగ్సు, మయర్సు అనువారు యుంగు మతము ననుసరించి కల్పించిన విభాగమునను 16 తెగలే యుండుట చిత్రము. అదియుఁ బ్రశ్నల కిచ్చు నుత్తరములచే నేర్పడునదే. కాని దానిని జేపట్టినవారిలోఁ గొందఱు నేఁడు ప్రశ్నలను విడిచి, ఛాయాచిత్రముఁ జూచి వీఁ డీ తెగవాఁడని చెప్పు వేడుకకు దిగినారు. చరకుని తెగలను వరాహమిహిరుని కొలకఱ్ఱతోఁ గొలుచుట యిది.

ముఖమువలన నేమియుఁ దెలియదనుట నా యభిప్రాయము గాదు. ఆకారము వేఱు, వికారము వేఱు. పుట్టుకతో వచ్చిన ముక్కు కన్నులు ఆకారము. భయమునఁ దడియాఱు పెదవియుఁ జెమర్చు నొసలును వికారము. వ్యవహారమును విచారించువాఁడు స్వరమును, వర్ణమును, ఇంగితమును, చూపును గనిపెట్టవలెనని మనువు చెప్పెను. విషము పెట్టినవానికి నోరెండుట, మాట తొట్రుపడుట, చెమటపట్టుట మున్నగునవి కౌటిల్యుఁడు లెక్కించెను. పెదవి మూలలు నాకికొనువానిని, ముఖవర్ణము మాఱువానిని యాజ్ఞవల్క్యుఁడు దుష్టుఁడని శంకింపఁదగు ననెను. వీరందఱును జూడుమన్నది వికారమును. అంతటితోఁ దృప్తి పడక విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరలో నొక గొప్ప హద్దు పెట్టినాఁడు. ఈ చిహ్నములు దోషమును సంభావించుటకే కాని నిశ్చయించుటకుఁ గావనియు, స్వాభావికమైన వికార మేదో నిమిత్తముచేఁ గలిగిన దేదో వేఱుపఱచుట దుర్ఘటమనియు నతఁడు వ్రాసెను. ఒకవేళ నేర్పరి యొకఁడు వేఱుపఱపఁగలిగినను దానిచేతనే యొకనికిఁ బరాజయము విధింపరాదు. చావు చిహ్నములు గానవచ్చినవని బ్రదికియున్నవానికి నుత్తరక్రియ లెవరు చేయుదురు? న్యాయశాస్త్రమున నింత కఠినమై యింత హాస్యముగల మాట నేను మఱియొకటి చదువలేదు.

స్వాభావిక నైమిత్తికముల చిక్కు నాకును ననుభవమే. ఒకప్పుడు నా తరగతిలో సగము మూసిన కన్నులతో, ముడివడిన నొసటితోఁ గూర్చుండు బాలుఁ డొకఁడుండెను. వాఁడు మందబుద్ధియు, పొగరుబోతును నని ముఖముఁ జూచి నేను నిశ్చయించుకొని, యొక సంవత్సరము వానిని బ్రశ్న యడుగుటయే మానితిని. వానికిఁ గన్నులు సరిగాఁ గనఁబడవు. నల్లబల్లమీఁది యక్షరముల కొఱకై వాఁడు కన్నులు చికిలించుచుండెను. అద్దములు పెట్టిన తరువాత వాని నొసలు విప్పారినది. నా తప్పిదమునకు సూక్తిని నిందింపను. కాని యా సూక్తి నాకుఁ జాల ధైర్యమిచ్చిన మాట నిజము.

కాళిదాసును ఈ భేద మెఱుఁగును. అయిదవ యంకమున దుష్యంతుఁడు శకుంతల యాకృతిని జూచి చలింపలేదు. ఆమె కోపమును జూచి చలించెను. ఆ కోపము కపటముగాఁ దోఁపలేదని తనలో ననుకొనెను. అయినను సంభావన సంభావనగనే నిలిచినది, ఉంగరము దొరకువఱకు నిశ్చయము గాలేదు. యుద్ధకాండమున నాగపాశబద్ధులైన రామలక్ష్మణులను జూచి సీత, తనకు వైధవ్యము లేదని చెప్పిన లక్షణజ్ఞు లందఱు నబద్ధమాడిరని విలపించును. త్రిజట యామెకు లక్షణశాస్త్రము చెప్పలేదు. వారి ముఖములఁ గాంతి తొలఁగలేదని, ప్రాణము పోయినవారి ముఖము వేఱుగా నుండునని చూపినది. ఉన్న స్థితిని ముఖము చెప్పఁగలదు. ఆ మాత్రమే త్రిజట దాని నడిగినది.

ఐరోపాఖండమున నీ విచక్షణ చాలకాలము లేకపోయినది. లవాటరు 1775 మొదలు 1778 వఱకు నాలుగు సంపుటములలో ముఖసాముద్రికమును బ్రకటించెను. ఆ మతమున విశ్వాసముగల ఫిట్జ్‌రాయ్ అను నౌకాధిపతి 1831లోఁ దన ముక్కు చూచి, యిట్టి ముక్కు గలవానికి యాత్రకుఁ జాలిన పట్టుదల యుండదని సందేహించెనని డార్విను స్వీయచరిత్రలో వ్రాసికొనినాఁడు. ఆ యాత్ర సుమారైదేండ్లు సాగినది. ముక్కు గలవాఁడు నిలిచినాఁడు. గాల్టను 1878లో నేరస్థుల ఛాయాచిత్రముల నొకదానిపై నొకటి కలిపి నేరపుముఖమును దేల్పఁజూడఁగా, క్రౌర్యము మాసి మునుపటివానికంటె సౌమ్యమైన ముఖము తేలినది. ఇంతటితో నీ మతము సమయలేదు. 2016లో షాంఘై నగరపు పరిశోధకు లిరువురు గణకయంత్రమునకు 1,800కుఁ బైఁబడిన ముఖములు చూపి, నేరస్థులను నూటికి దాదాపు 90 వంతున గుర్తింపవచ్చునని ప్రకటించిరి. నేరము లేనివారి చిత్రములు తామై పెట్టుకొన్నవి, నేరస్థులవి యధికారు లిచ్చినవి. యంత్రము కనిపెట్టినది నేరమును గాదు, చిఱునవ్వునని విమర్శకు లాక్షేపించిరి. అనఁగా వికారమును జూచి యాకారమని భ్రమించినదన్నమాట. అట్టి యంత్రమును రక్షకభటులో, ఉద్యోగమిచ్చువారో నమ్మినచో మైత్రేయుని చంకనుండి నగలు రాలనక్కఱలేకయే తీర్పు వెలువడును. దానిని బ్రశ్నించు కాయస్థుఁడును నుండఁడు.

చివరకుఁ దెలుఁగునకు వత్తము. పదుమూఁడవ శతాబ్దిని మూలఘటిక కేతన దండి దశకుమారచరితమును దెనిఁగించి తిక్కన కంకితమిచ్చెను. మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేరఁ దెలుఁగుపద్యములలోనికిఁ దెచ్చినవాఁడును నతఁడే. ఈ రెండు గ్రంథము లొక్క చేతిమీఁదుగా మనకు వచ్చుట తగియున్నది. ఏలయనఁగా విజ్ఞానేశ్వరుఁడు న్యాయస్థానమునకుఁ బెట్టిన హద్దును దండి గోమిని కథలోఁ బెండ్లికిఁ బెట్టినాఁడు.

కాంచీపురపు శ్రేష్ఠిపుత్రుఁడు శక్తికుమారుఁడు గుణవతియగు భార్యను దానే వెదకికొనఁదలఁచి, లక్షణజ్ఞుని వేషము వేసికొని, కొంగున ప్రస్థపు వరిధాన్యము గట్టుకొని తిరుగును. సల్లక్షణములు గల కన్నియ గానవచ్చినచోట, ఈ ధాన్యముతోనే నాకు భోజనము పెట్టఁగలవా యని యడుగును. ఇల్లిల్లును నవ్వి గెంటుదురు. కావేరీతీరమున సిరి తొలఁగిన యింటి కన్నియ నొకతెను జూచును. ఇచట దండి లక్షణవర్ణనమును గొఱఁత లేకుండ సాగించును. సాముద్రికము తెలిసినవాఁడే యది వ్రాయఁగలఁడు. శక్తికుమారుఁడును నిట్టి యాకృతి శీలమును దప్పదని తనలో ననుకొనును. మన వ్యాఖ్యాత లిక్కడనే పుస్తకము మూయుదురు. శక్తికుమారుఁడు మూయలేదు. మనస్సు లగ్నమైనను బరీక్షింపక పెండ్లియాడనని, పరీక్షింపక చేసినవారికిఁ బశ్చాత్తాపమే మిగులునని తలఁచి, యామెను ధాన్యము సంగతి యడిగెను.

ఆమె ధాన్యమును నెండఁబెట్టి, ఊఁక చిదుకకుండ మెల్లగా దంచి, ఆ యూఁకను నగలు మెఱుఁగుపెట్టు కంసాలులకు నమ్మించి, వచ్చిన కాసులతోఁ గట్టెలును వంటపాత్రయు మూఁకుళ్లును దెప్పించినది. అన్నము వండి వార్చి, పొయ్యిలోని బొగ్గులు చల్లార్చి యమ్మించి, ఆ డబ్బుతోఁ గూరలు, నేయి, పెరుఁగు, నూనె, ఉసిరిక, చింతపండు సమకూర్చినది. అతనికి స్నానము చేయించి, వేళకు వడ్డించినది. అతఁడు తిని, మెచ్చి, పెండ్లాడి, వెంటఁ గొనిపోయెను. ఊఁక కమ్ముడుపోవు వెలను, బొగ్గున కుపయోగమును నెఱిఁగిన బుద్ధిని నే నొసటి గీఁతయుఁ జెప్పలేదు.

తరువాతి ముక్కను బాఠముగాఁ జెప్పువా రరుదు. కొన్నాళ్లకు శక్తికుమారుఁ డామెను నిర్లక్ష్యముచేసి, వేశ్యను దెచ్చి యింటఁ బెట్టికొనెను. గోమిని దానిని సహించి, యా వేశ్యను జెలికత్తెవలెఁ జూచి, యింటిపనులను దప్పక నడిపి, చివరకు మగనిని వశము చేసికొన్నది. అతఁ డామెను నఖశిఖపర్యంతము పరీక్షించెను, ధాన్యమిచ్చియుఁ బరీక్షించెను; పెండ్లికి ముం దాతని ముఖముఁ జూచి గాని, ఆతనికిఁ బని పెట్టి గాని పరీక్షించుట కామె కొక యవకాశము గలిగినట్లు దండి యెచటను వ్రాయలేదు.